నేల తగలని మలుపు

సౌండు మిక్సింగు చేస్తుండగా ఆయన పోయిన కబురొచ్చింది. మా స్టూడియో ఫిల్మ్ నగర్‌లో. తెర మీద హీరో పెద్ద క్రూజర్ బండి మీద మలుపు తిరుగుతున్నాడు. ఫుట్‌రెస్టు రోడ్డుకు ఒరుసుకుని నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. రవ్వలు గ్రాఫిక్సు వాళ్ళు వేశారు, వాటికి చప్పుడు నేను వెయ్యాలి. దర్శకుడు వెనక సోఫాలో కూర్చుని "ఇంకా గీరుకోవాలండీ, ఇనుము ఏడవాలి" అంటున్నాడు. అప్పుడే ఫైటర్ల యూనియన్ నుంచి ఫోన్. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మోతీనగర్ ఇంట్లోనే ఉంచారట, మధ్యాహ్నం తీసుకెళ్తారట.

చప్పుడు ఆపేశాను. ఏమైందని దర్శకుడు అడిగాడు. "బండి నేలకు తగలకూడదని బతికిన మనిషి పోయాడండీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పాపం, ఎలా అర్థమవుతుంది?

పేరు రాయను, రాసినా మీకు తెలియదు. మీరు ఆయన్ని చాలాసార్లు చూశారు, మొహం మాత్రం చూడలేదు. హీరో హెల్మెట్ పెట్టుకున్నప్పుడల్లా, లేదా జుట్టు ఎగురుతూ వీపు మాత్రమే కనిపించినప్పుడల్లా, ఆ బండి మీద ఉన్నది ఆయనే. యూనియన్లో అందరూ డూప్ అన్న అనేవారు. నాకు ఉత్తి అన్న.

పరిచయం కూడా రోడ్డు మీదే అయింది. అప్పట్లో కొత్తగా క్రూజర్ కొన్నాను. వెంగళరావు నగర్ నుంచి స్టూడియోకి రోజూ దాని మీద దర్జాగా వచ్చేవాణ్ణి. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని కాళ్ళు ముందుకు చాపుకోవచ్చు. నాలాంటి పొట్టవాళ్ళ కోసమే తయారుచేసినట్టు ఉంటుంది. దానికి ఒకటే జబ్బు. బాగా కిందికి ఉంటుంది కాబట్టి మలుపులో కాస్త వంచగానే ఫుట్‌రెస్టు నేలకు రాసుకుంటుంది. గట్టిగా తగిలిందంటే వెనక టైరు లేచి బండి జారిపోతుంది. ఫిల్మ్ నగర్ గుట్ట దిగే పెద్ద మలుపులో ఓ పొద్దున నాకు సరిగ్గా అదే జరిగింది. ఎలాగో పడలేదు. బండి పక్కకు ఆపి దిగి నిలబడ్డాను.

టీ బండి దగ్గర నుంచి ఒకాయన గ్లాసు పట్టుకునే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబంతా తెల్లగా సుద్ద మరకలు. దెబ్బ తగిలిందా అని అడగలేదు. నా బండి పక్కన గొంతుక్కూర్చుని, మెడ వంచి, దాని కడుపు కిందికి చూశాడు.

"ఎంత బరువుంటవ్ తమ్మీ?"

చెప్పాను. కాస్త తగ్గించే చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నాకు చెప్తె చెప్పినవ్ గని, బండికి అబద్ధం చెప్పకు" అన్నాడు. "జర లేపాలె. ఎనక షాకప్‌లు గీ బండియి చిన్నగున్నయి. పొడుగువి ఎయ్యాలె. నీ బరువుకు సరిపోయె స్ప్రింగు ఎయ్యాలె. గప్పుడు గుంతల నడుము ఇరగదు, మలుపుల నేల తగలదు."

అలా మొదలైంది. ఆ వారమే మా ఇద్దరి చేతులూ గ్రీజు. వెనక షాకబ్జర్లు మార్చాడు, ముందు ఫోర్కులో ఆయిల్ మార్చాడు. మార్చాక టైరు అంచున సుద్దతో అడ్డంగా గీతలు గీసి నన్ను అదే మలుపులోకి పంపాడు. తిరిగొచ్చాక సుద్ద ఎంతవరకు చెరిగిందో చూసి, "ఇంకింత వంగొచ్చు. కని నువ్వు వంగకు" అన్నాడు. జేబులో సుద్ద ఎందుకో అప్పుడు తెలిసింది.

ఎవరు కనిపించినా ఆయన మొదటి ప్రశ్న బరువే. ఓసారి షూటింగులో హీరోయిన్ బండి వెనక కూర్చోవలసిన సీను. వెళ్ళి ఆ అమ్మాయిని అందరి ముందూ "ఎంత బరువుంటవమ్మా?" అని అడిగాడు. అమ్మాయి నవ్వి ఊరుకుంది గానీ వాళ్ళమ్మ ఊరుకోలేదు. కారవాన్‌లోకి వెళ్ళి తలుపేసుకుని, ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి బతిమాలేదాకా బయటికి రాలేదు. "స్ప్రింగు బిగియ్యనీకి అడిగిన సార్, పిల్ల సంబంధానికి కాదు" అని ఈయన మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు.

కూర్చునేది ఏదైనా సరే, ముందు రెండు చేతులా నొక్కి చూసేవాడు. పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్తే వధూవరుల సోఫా నొక్కాడు. సినిమా బాగోలేకపోతే "సెకండాఫ్ నేలకు రాస్కుంటుంది తమ్మీ, జర లేపాలె" అనేవాడు. మా మిక్సింగు గదిలోకి ఆయన వచ్చినప్పుడల్లా నా కుర్చీ ఎత్తు మారిపోయేది. నాకు చెడ్డ కోపం వచ్చేది. వారం తర్వాత నడుం నొప్పి తగ్గిందని గుర్తించి, ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

అన్నిసార్లూ ఆయన లెక్క కుదిరిందనుకోకండి. ఒక పెద్ద సినిమాలో హీరో ఎంట్రీ. హీరోగారికి బండి తక్కువ ఎత్తులో ఉండాలి, కాళ్ళు రెండూ నేలకు నిండుగా ఆనాలి. డూపుకు అదే బండి ఎత్తుగా ఉండాలి, లేకపోతే మలుపులో రాసుకుంటుంది. అందుకని మనవాళ్ళు ఒకే రంగు బండ్లు రెండు పెడతారు, తక్కువ ఎత్తుది హీరోకి, ఎక్కువ ఎత్తుది డూపుకి. ఆ రోజు అన్నగారు మలుపులో మహా గొప్పగా వంచి, చప్పట్ల మధ్య ఆ సంతోషంలో తన బండిని తెచ్చి హీరో బండి పెట్టే చోట నిలబెట్టాడు. హీరోగారు స్టైలుగా ఎక్కి స్టాండు తీశారు. కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. అభిమానుల ముందు ఆయనా, బండీ మెల్లిగా, ఎంతో మర్యాదగా పక్కకు ఒరిగిపోయారు. దెబ్బేం తగల్లేదు. కానీ ఆ సంస్థ గడప అన్న మళ్ళీ తొక్కలేదు.

వదినకు ఆ కథంటే ప్రాణం. ఎన్నిసార్లయినా చెప్పించుకునేది. తెనాలి దగ్గర పల్లె నుంచి డాన్సు గ్రూపులో పనికి వచ్చిన మనిషి ఆవిడ. పాటల్లో హీరోయిన్ వెనక మూడో వరసలో ఉండేది. పెళ్ళెలా అయిందని అడిగితే మొగుడూ పెళ్ళాలు చెరో కథ చెప్పేవారు, ఆ రెండు కథలూ ఎక్కడా కలిసేవి కావు. డాన్సు మానేశాక కాస్త ఒళ్ళు చేసింది. ఆవిడ బండి ఎక్కడం ఒక వేడుక. ఆయన భుజం మీద చెయ్యేసి, ఒక్క ఊపున ఎక్కి కూర్చునేది. బండి వెనక భాగం బుస్సున కిందికి దిగేది.

"చూశారా సౌండు గారూ? నేనెక్కితే గానీ మీ అన్న బండి వంగి దండం పెట్టదు" అనేది నాతో.

"బండేంది, నేను పెడ్తలేనా?" అనేవాడాయన.

ఆవిడ వెనకుంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. తెర మీద బండిని నేలకు పడుకోబెట్టేసే మనిషి, ఆవిణ్ణి ఎక్కించుకుంటే పాలబిందె మోస్తున్నట్టు నడిపేవాడు. "ఒక్కసారి వంచండీ, సినిమాలో వంచినట్టు" అని ఆవిడ పోరు. "గది పైసలకు చేసేటిది. నిన్ను పెట్టుకొని చేస్తనా?" అని ఆయన జవాబు. ఏళ్ళ తరబడి ఇదే పోరు, ఇదే జవాబు.

జబ్బు రొమ్ములో మొదలైంది. తగ్గిందన్నారు. తర్వాత వెన్నుపూసలో తేలింది. అప్పటి నుంచి ఆసుపత్రికి తిరుగుడు. ఆవిడకు మూసిన కారులో కూర్చుంటే వాంతి, మందులు మొదలయ్యాక మరీ ఎక్కువ. ఏసీ వాసన తగిలితే చాలు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు రాకముందే ప్రాణం కడగట్టేది. "నన్ను బండి మీదే తీసుకెళ్ళండి, గాలైనా తగుల్తుంది" అంది. ఈ వెన్నుతో బైకేమిటని డాక్టరమ్మ గట్టిగా కేకలేసింది. అన్న చేతులు కట్టుకుని నిలబడి, "ఒక్క దెబ్బ గూడ తగలనియ్య మేడమ్. బండి సంగతి నాకిడిచిపెట్టుండ్రి" అన్నాడు. డాక్టరమ్మ సరే అనలేదు, మళ్ళీ వద్దనీ అనలేకపోయింది.

అప్పుడు చూడాలి ఆయన పని. అన్నేళ్ళు హీరోల కోసం చేసిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆయనదీ క్రూజరే, వెనక షాకబ్జర్లు పొట్టివి, స్పీడ్ బ్రేకర్ వస్తే దెబ్బంతా నేరుగా వెన్నులోకి పోతుంది. పొడుగువి వేశాడు. బండి పైకి లేచింది, దెబ్బ తగ్గింది. కానీ ఆవిడ కాలు ఎత్తి ఎక్కలేకపోయింది. దాంతో షూటింగుల్లో వాడే యాపిల్ బాక్సు ఒకటి తెచ్చాడు. పొట్టి హీరోలు హీరోయిన్ పక్కన నిలబడటానికి కాళ్ళ కింద వేస్తారే, ఆ చెక్కపెట్టె. ఇంటి దగ్గర ఒకటి, ఆసుపత్రి సెక్యూరిటీ గార్డు దగ్గర ఒకటి. "ఎక్కు. గిది ఎక్కినోళ్ళంత హీరోలే" అనేవాడు. ఆవిడ ఎక్కేది. బండి కిందికి దిగేది. నేను మందుల సంచీ, స్కానింగుల కవరూ పట్టుకుని నా బండి మీద వెనక వెళ్ళేవాణ్ణి. స్పీడ్ బ్రేకర్ దాటగానే ఆయన కాస్త తల పక్కకు పెట్టి "తెలిసిందా?" అని అడిగేవాడు. "ఊహూ" అనేది. మోతీనగర్ నుంచి ఆసుపత్రి దాకా రోడ్డు పొడుగునా తెలిసిందా, ఊహూ, తెలిసిందా, ఊహూ. వెనక నుంచి వింటుంటే నా కళ్ళు మసకబారేవి.

ఒక రోజు ఆవిడ ఎక్కి కూర్చుంది. కూర్చుని కాసేపు ఆగింది.

"ఏంటండీ, ఇది దిగలేదేంటి?"

"దిగింది" అన్నాడాయన.

"లేదండీ. నాకు తెలుసుగా."

"పొద్దున ఆయిల్ మార్చిన. గందుకే గట్టిగుంది" అన్నాడు. నా వైపు చూడలేదు. ఆవిడ సగమైపోయిందని మా ఇద్దరికీ కళ్ళకు కనబడుతూనే ఉంది. కానీ అది అప్పటిదాకా ఎవరమూ మాటల్లో పెట్టలేదు. ఆ రోజు బండి చెప్పేసింది.

మర్నాడు పొద్దున ఆవిడ నిద్ర లేవకముందే స్ప్రింగులు మార్చేశాడు. ఇంకా మెత్తనివి వేశాడు, ఆవిడ కొత్త బరువుకు కూడా బండి దిగేలాగా. ఆవిడ ఎక్కింది, బండి దిగింది. "ఇప్పుడు వంగింది చూడండి!" అని సంబరపడింది. కొన్నాళ్ళకు మళ్ళీ దిగలేదు. మళ్ళీ మార్చాడు. ఇంట్లో గోనెసంచి నిండా పాత స్ప్రింగులుండేవి. పెద్ద బండ్లవి అయిపోయి చిన్న బండ్లవి, అవీ అయిపోయి స్కూటర్లవి. ఎవరు కనిపించినా బరువు అడిగే మనిషి ఆ రోజుల్లో ఎవర్నీ అడగడం మానేశాడు.

"అన్నా, అంత మెత్తగా వేస్తే మలుపులో తగుల్తుంది కదా" అన్నాను.

"మెల్లగ పోత."

"ఎంత మెల్లగా వెళ్తావు?"

"ఆమె ఎక్కినప్పుడు బండి దిగాలె తమ్మీ. గంతే. నువ్వు నోరు ముయ్యి." నా మీద ఆయన అరిచింది అదొక్కసారే.

తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు నేరుగా వెళ్ళేవారు కాదు. చుట్టు దారి అయినా ఫిల్మ్ నగర్ మీదుగా రావాలి. తను డాన్సు చేసిన స్టూడియో గేటు చూడాలని ఆవిడ కోరిక. ఓ సాయంత్రం అలాగే వస్తున్నాం. గుట్ట దిగే పెద్ద మలుపులో ఎదురుగా ఓ షూటింగు వ్యాను రోడ్డంతా ఆక్రమించి వచ్చింది. అన్న బండిని పక్కకు వంచక తప్పలేదు. కర్రుమని చప్పుడు. చప్పుళ్ళతో బతికేవాణ్ణి, ఆ చప్పుడు ఎముక మీద గీసినట్టు విన్నాను. ఆయన బండి నేలకు తగలడం నా ఎరుకలో అదే మొదటిసారి. పడలేదు. బండి ఆగింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఆవిడ ఇంకా వెనకే కూర్చుని ఉంది. ఆయన హ్యాండిల్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"నేల తగిలింది" అంది ఆవిడ.

ఆయన ఇంజను ఆపేశాడు.

"ఎప్పుడూ తగల్లేదు మీకు. ఏం చేశారు బండిని?"

"ఏం జెయ్యలే."

"స్ప్రింగులు మార్చారు కదూ? నేనెక్కితే దిగాలని?" గొంతులో కోపం లేదు. చిన్నపిల్లాడు దాచిన వస్తువు దొరికినప్పుడు తల్లి అడిగినట్టు అడిగింది. "ఇదా మీరు పొద్దున్నే లేచి చేస్తున్నది?"

ఆయన తల దించుకున్నాడు. నడిరోడ్డు మీద, కార్లూ ఆటోలూ హారన్లు కొడుతుంటే, హెల్మెట్ లోపల ఏడ్చాడు.

"మొదట వేసినవే మళ్ళీ వేసెయ్యండి. నేను తేలికైపోతే తేలికైపోయినట్టే ఉండనివ్వండి. కాస్త నొప్పి తెలిస్తే తెలుస్తుంది. మీకు నేల తగలకూడదు. అంతే" అంది.

మర్నాడు మొదటి స్ప్రింగులు ఎక్కించాడు. అవి సరైనవే. బండి ఎత్తుగా, గట్టిగా, ఆయనలాగే నిటారుగా నిలబడింది. ఆవిడ పెట్టె మీది నుంచి ఎక్కి కూర్చుంది. బండి కదల్లేదు.

ఇంక రానక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు కూడా నేను వెంట ఉన్నాను. ఇంట్లోనే హాయిగా ఉండమనండి, ఏం తినాలంటే అది పెట్టండి అంది. అంటే ఏమిటో అందరికీ తెలుసు. మధ్యాహ్నపు ఎండ, రోడ్లు ఖాళీ. ఫిల్మ్ నగర్ గుట్ట మీద ఆవిడ ఆయన భుజం తట్టి ఆపించింది.

"ఇంక ఈ దారిన రాం కదండీ. ఒక్కసారి వంచండి."

ఏళ్ళ తరబడి చెప్పిన జవాబు ఆయన ఈసారి చెప్పలేదు. ఆవిణ్ణి కిందికి దించి, గోడ నీడలో నా పక్కన కూర్చోబెట్టాడు. తను నడుచుకుంటూ మలుపు మొత్తం దిగి, ఇసుక ఎక్కడెక్కడ ఉందో చూసుకుంటూ, చెప్పు కాలితో పక్కకు నెట్టుకుంటూ మళ్ళీ పైకి వచ్చాడు. చెమటలు కారిపోతున్నాయి. ఆవిడ హెల్మెట్ వదులైపోయిందని లోపల తన చేతి రుమాలు మడిచి పెట్టాడు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. కింద ఏ బండీ రాకుండా చూడమని నన్ను మలుపు చివరకు పంపాడు.

వచ్చారు. బండి ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఇంత పెద్ద బండి, ఇద్దరు మనుషులు, నేలకు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. ఎక్కడా ఏదీ తగల్లేదు. ఇంజను చప్పుడు మధ్యలో ఆవిడ నవ్వు వినిపించింది. మూడో వరస డాన్సరు ఏ సినిమాలోనూ నవ్వినట్టు కాదు, గలగలా, గట్టిగా, అరుపులా. అన్నేళ్ళ నా పనిలో అలాంటి చప్పుడు నేను రికార్డు చెయ్యలేదు. ఆ నెల దాటకుండానే ఆవిడ పోయింది.

కర్మలన్నీ అయ్యాక కొన్నాళ్ళకు గుట్ట మీద టీ బండి దగ్గర కలిశాం. గడ్డం మాసి ఉంది. టీ చేతిలోనే చల్లారిపోయింది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను. "ఆ రోజు భయం వెయ్యలేదా అన్నా? వదిన వెనకుండగా అంత వంచితే?"

"భయమైంది" అన్నాడు. "బండి ఒరిగినంక ఎనక ఎవ్వలు లేనట్టె ఉండె తమ్మీ. నడుముకు చేతులున్నయి. కని ఆమె ఉన్నట్టు బండికి తెలుస్తలేదు. ఒంటిగ పోతున్ననా అనిపిచ్చింది. తిరిగి చూద్దమంటె మలుపుల తల తిప్పొద్దు, తిప్పితే పడ్తం. గంతల నవ్వింది. ఆ, ఉంది అనుకున్న."

ఇంకో టీ చెప్పబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"ఇప్పుడు గూడ బండి గట్లనే నడుస్తది. ఏం ఫరక్ లేదు. గదే బరువు, గవే స్ప్రింగులు" అన్నాడు. "ఉన్నదో లేదో బండిని అడిగితె ఏం తెలుస్తది చెప్పు."

గ్లాసు పెట్టేసి లేచాడు. ఇద్దరం బండ్లు తీశాం. ఆయన ముందు, నేను వెనక. పెద్ద మలుపు వచ్చింది, బండి ఒరిగింది. మలుపు మధ్యలో ఆయన తల తిప్పి వెనక సీటు వైపు చూశాడు.